సన్నటి కూత

నేను ఒక స్పీకరును. స్పీకరు అనగానే పెళ్లి పందిట్లో కర్రకు కట్టిన పెద్ద గరాటాను ఊహించుకోకండి. నా వెడల్పు రెండంగుళాల పావు. అరచేతిలో పెట్టి గుప్పిట మూస్తే కనపడను. పాతకాలపు కంప్యూటరు పెట్టెలో ముందు భాగాన, కింది మూలన, దుమ్ము ఎక్కువగా చేరే చోట నన్ను బిగించేవారు. కంప్యూటరు చూడడానికి వచ్చినవాళ్లు తెర ఎంత పెద్దదని అడిగేవారు, మీటలు లెక్కపెట్టేవారు. ఇందులో స్పీకరు ఉందా అని అడిగిన మనిషిని మాత్రం నేను చూడలేదు.

నన్ను హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో చేశారు. అక్కడ ఆడవాళ్లు బల్లల ముందు వరసగా కూర్చుని పని చేసేవారు. ఒకామె ఇనుప చట్రంలో అయస్కాంతం కూర్చేది. ఇంకొకామె వెంట్రుకంత సన్నటి రాగితీగను చుట్టలు చుట్టేది. నల్లటి కాగితపు గిన్నెను చట్రానికి అంటించిన ఆమె పేరు యాదమ్మ. జిగురు ఆరేదాకా నా మీద నోటితో ఊదుతూ, మధ్యమధ్యలో పక్కామెకు తన ఆడబిడ్డ సంగతి చెప్పుకుంది. ఆడబిడ్డ బీరువా తాళం తీసుకుని ఏదో చేసింది. ఏం చేసిందో వినేలోపే నన్ను పక్క బల్లకు తోసేశారు. ఆ సంగతి ఏమైందోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

నాకు వచ్చినవి రెండే పనులు. కరెంటు తగిలితే నా కాగితం ముందుకు వస్తుంది. ఆగితే వెనక్కి పోతుంది. మెల్లగా పలకడం, గట్టిగా పలకడం అనే తేడా నాకు లేదు. నిదానంగా ఆడిస్తే లావుపాటి గొంతు, వేగంగా ఆడిస్తే సన్నటి గొంతు. అంతే నా విద్య.

అలాంటి నన్ను మోసుకుని ఒక కంప్యూటరు, కందుకూరికి పన్నెండు మైళ్ల దూరాన ఉన్న నేలటూరిపాలెం హైస్కూలుకు చేరింది. ప్రభుత్వం బడులకు పంచిన వాటిలో అదొకటి. హెడ్మాస్టరు కోదండపాణి గారు దాన్ని ఎడ్లబండి మీద, కింద పరుపు వేసి తెప్పించారు. దాని కోసం ఒక గది ఖాళీ చేయించారు. దుమ్ము రాకుండా కిటికీలు మూసి మందపాటి పచ్చ తెరలు కట్టించారు. నేలంతా జనపనార పట్టాలు పరిపించారు. గుమ్మం పక్కన ‘చెప్పులు బయట విడువవలెను’ అని ఎర్రరంగుతో రాయించారు. పెట్టె నెత్తిన మూడు కుంకుమ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్లలో ఒక చుక్క సందులోంచి జారి నా కాగితం మీద పడింది. మచ్చ ఉండిపోయింది.

తర్వాత పది నెలలు మమ్మల్ని ఎవరూ ముట్టుకోలేదు. కోదండపాణి గారు శుక్రవారం శుక్రవారం తాళం తీసి, ముసుగు గుడ్డ సర్ది, తిరిగి తాళం వేసేవారు. వచ్చిన పెద్దమనుషులను గుమ్మం దాకా తెచ్చి చూపించేవారు. మనుషులు ఏదైనా వస్తువును ఎక్కువగా గౌరవిస్తే దానికి పని దొరకదని నాకు అప్పుడే తెలిసింది.

ముసుగు తీసింది లెక్కల టీచరు వకుళ. ఇరవై ఆరేళ్ల మనిషి. పొదిలి పక్క పల్లెలో చదువుకుని వచ్చింది. గట్టిగా మాట్లాడదు. పిల్లలు అల్లరి చేస్తే చాక్‌పీసు చేత్తో పట్టుకుని ఊరికే నిలబడి చూస్తుంది. కాసేపటికి వాళ్లకే సిగ్గేసి ఊరుకుంటారు. ఒంగోలులో టీచర్లకు మూడు వారాల కంప్యూటరు శిక్షణ పెడితే ఈమెను పంపారు. మిగతావాళ్లు యంత్రం భాగాల పేర్లు నేర్చుకుని వచ్చారు. ఈమె అక్కడి లైబ్రరీలో అసెంబ్లీ భాష మీద ఉన్న పుస్తకంలో నలభై పేజీలు జిరాక్సు తీయించుకుని వచ్చింది.

అసెంబ్లీ అంటే యంత్రంతో దాని మెట్టు మీదికి దిగి మాట్లాడే భాష. ఒక పాట పాడు అంటే దానికి అర్థం కాదు. ఫలానా గిన్నెలో ఈ సంఖ్య పెట్టు, దాన్ని తీసుకెళ్లి ఆ తలుపు దగ్గర ఇవ్వు, వెనక్కి రా అని ప్రతి అడుగూ విడిగా చెప్పాలి. చెప్పని అడుగు అది వేయదు. నాకు పైన బోర్డు మీద ఒక చిప్పు ఉంది. దాని లోపల సెకనుకు పదకొండు లక్షల తొంభై మూడు వేల పైచిలుకు టిక్కులు పడతాయి. మనం ఏ సంఖ్య ఇస్తే ఆ సంఖ్యతో అది టిక్కుల్ని భాగిస్తుంది. పదకొండు వందల తొంభై మూడు ఇస్తే సెకనుకు వెయ్యిసార్లు నన్ను ఊపుతుంది. అందులో సగం ఇస్తే రెండు వేల సార్లు. మిగతావాళ్లకు ఇది మంత్రంలా అనిపించేదేమో గానీ, వకుళ టీచరుకు ఐదో తరగతి భాగహారం.

మొదటిరోజు ఆమె చిప్పుకు సంఖ్య సరిగ్గానే ఇచ్చింది. చిప్పుకూ నాకూ మధ్య తలుపు తెరవమని సరిగ్గానే చెప్పింది. మూయమని చెప్పడం మరిచిపోయింది. ప్రోగ్రాము అయిపోయింది, నేను అయిపోలేదు. పుట్టాక మొదటిసారి నోరు తెరిచానేమో, ఆపేవాళ్లు లేక అరుస్తూనే ఉన్నాను. కోదండపాణి గారు వరండా ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చారు. యంత్రం పేలిపోతుందేమోనని వణుకుతూనే గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, అప్పుడు లోపలికొచ్చి ప్లగ్గు పీకారు.

“ప్రభుత్వ సొమ్మమ్మా. దీన్ని ఏడిపించబాక,” అన్నారు రొప్పుతూ.

మర్నాడు ఆమె మూసే అడుగు కూడా రాసింది. నెల తిరక్కుండా నా చేత రకరకాల కూతలు కూయించింది. ఏడో తరగతి పిల్లల్ని ఎనిమిదేసి మందిని తెచ్చి పట్టాల మీద కూర్చోబెట్టి, శబ్దం అంటే కదలిక అని పాఠం చెప్పేది. దానికోసం ఒక ప్రోగ్రాము రాసుకుంది. సెకనుకు వంద ఊపులతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ, ఎనిమిది వేల దాకా నన్ను తీసుకెళ్లేది. తెర మీద ఊపుల సంఖ్య కనపడుతూ ఉండేది. లావు గొంతు దగ్గర పిల్లలు గేదె అనేవారు, మోటారింజను అనేవారు. గొంతు సన్నబడేకొద్దీ మొహాలు చిట్లించేవారు. రెండు వేలు దాటాక అందరూ చెవులు మూసుకుని కిందామీదా పడి నవ్వేవారు.

ఒకరోజు అలా వచ్చిన గుంపులో చివరన కూర్చున్న పిల్ల కూడా చెవులు మూసుకుంది. అయితే అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా మూసుకుంది. కాసేపటికి చేతులు దించి జడ సర్దుకుంది. చుట్టూ చూసి, మిగతావాళ్ల చేతులు ఇంకా చెవుల మీదే ఉండటం గమనించి, గబుక్కున మళ్లీ మూసుకుంది. వకుళ టీచరు నవ్వడం ఆపింది.

ఈసారి అందర్నీ కళ్లు మూసుకోమంది. కూత ఆగినప్పుడు కళ్లు తెరవండి అని చెప్పి, నన్ను మళ్లీ మొదటినుంచి పాడించింది. రెండు వేల దగ్గర ఆ చివరి పిల్ల కళ్లు తెరిచింది. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. పక్కవాళ్ల మూసిన కళ్లు చూసి, తప్పు చేసినదానిలా కళ్లు గట్టిగా మూసేసుకుంది. టీచరు తన నోటుబుక్కులో రెండు వేలు అని రాసి, పక్కన ఆ పిల్ల పేరు రాసుకుంది. మస్తానమ్మ.

మస్తానమ్మకు ఏడో తరగతిలో అది రెండో ఏడు. పిలిస్తే పలకదనీ, ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతుందనీ టీచర్ల గదిలో అనుకునేవారు. మొద్దు అని కొందరు, పొగరు అని కొందరు. రిజిస్టరులో ఆమె పేరుకెదురుగా కోదండపాణి గారు ‘మందమతి’ అని రాసి సంతకం పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. బడికి ఏడో తరగతి ఉమ్మడి పరీక్షలో నూటికి ఎంతమంది పాసయ్యారన్నది ఆయనకు ప్రాణం. పరీక్ష రాసేవాళ్ల పేర్లు సోమవారం పంపాలి. అందులో మస్తానమ్మ పేరు చేర్చకూడదని ఆయన అనుకున్నారు. వాళ్ల నాన్న ఏడుకొండలుకు కబురు కూడా చేశారు. ఏడుకొండలు పొగాకు ఆకు కాల్చే బ్యారన్ దగ్గర మంట వేసే పని చేసేవాడు. భార్య ఆకును రకాలుగా వేరుచేసే గ్రేడింగుకు పోతుంది. కూతురు చదువుకుంటుందని ఆశపడి ఇన్నాళ్లు పంపాడు, ఇక చాలనుకున్నాడు. వచ్చే వారం నుంచి తల్లితో పాటు ఆ పిల్ల కూడా ఆకు గ్రేడు చేయడానికి పోవాలి. ఇదంతా నాకు టీచరూ హెడ్మాస్టరూ నా ముందే మాట్లాడుకుంటే తెలిసింది.

ఆ పిల్లకు వినపడదేమోనని టీచరు నసిగింది. ఆయన ఒప్పుకోలేదు. “సాయంత్రం బస్సు మోత అందరికన్నా ముందు దానికే వినపడుద్దమ్మా. ఊళ్లో డప్పు మోగితే క్లాసులోంచి లేచి పోయింది ఒకసారి. చెవిటిదెట్లా అవుద్ది?”

లావు శబ్దాలు వినపడి, సన్నవి వినపడకపోవచ్చు గదా సార్ అని ఆమె అంది. అట్లా సగం చెవుడు ఎక్కడన్నా ఉంటుందా అని ఆయన అడిగారు. ఉంటుందో లేదో ఆమెకూ ఖాయంగా తెలియదు. పరీక్ష చేసి చూపిస్తానంది.

గురువారం మధ్యాహ్నం పరీక్ష. కోదండపాణి గారు కుర్చీలో కూర్చున్నారు. ఏడుకొండలు రమ్మన్నా లోపలికి రాకుండా గడప పక్కనే, ఒంటికి పొగాకు పొగ వాసనతో, నిలబడ్డాడు. మస్తానమ్మను నాకు నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టారు. వినపడితే చెయ్యెత్తాలి. టీచరు మీట నొక్కినప్పుడల్లా నేను ఒక్కో గొంతుతో కూశాను. లావువి, మధ్యవి, సన్నవి, మరీ సన్నవి. పదహారు కూతలు. పదహారుసార్లూ చెయ్యి లేచింది.

నాకు సంగతి అర్థమవుతూనే ఉంది. వకుళ టీచరుకు లెక్క చూసుకునేటప్పుడు పెదాలు కదిపే అలవాటు. ప్రతిసారీ నోటుబుక్కులో తర్వాతి సంఖ్య చూసి, దాన్ని పెదాలతో అనుకుని, ఒకసారి కొంగు సర్దుకుని, మీట నొక్కేది. అదీ హాజరు పిలిచినట్టు ఒకే లయలో. ఆ పిల్ల నావైపు చూడనే లేదు. ఆమె పెదాలూ భుజమూ చూస్తూ కూర్చుంది. గొంతు ఉండి కూడా ఈ ఒక్క మాట చెప్పలేకపోయాను.

“చెవులు బానే ఉన్నయ్ గదా సార్,” అన్నాడు ఏడుకొండలు. కూతురికి లోటేమీ లేదన్న నిమ్మళం, లోటు లేకుండానే ఇట్లా చేస్తోందన్న కోపం ఒక్కసారే వచ్చాయి ఆ గొంతులోకి. కోదండపాణి గారు కండువా దులుపుకుని లేచారు. టీచరు ఇంకొక్కటి అని బతిమాలి, పెదాలు కదిపి, కొంగు సర్ది, వేలు దించింది. వేలు మీటకు తగిలేలోపే కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఫ్యాను నిదానించింది. నేను నోరు కూడా మెదపలేదు.

మస్తానమ్మ చెయ్యి పైకి లేచింది.

గుమ్మం వైపు తిరిగిన మగవాళ్లు ఇద్దరూ అది చూడలేదు. టీచరు చూసింది. చీకట్లో ఆ పిల్ల చెయ్యి అలాగే, దించమనేదాకా పైకెత్తి ఉంచింది.

కోదండపాణి గారు బయట చెప్పులు వేసుకుంటుంటే వకుళ టీచరు దగ్గరకెళ్లింది.

“ఆఖరుది మోగలేదు సార్.”

“ఏది?”

“స్పీకరు. నేను నొక్కేలోపే కరెంటు పోయింది. అయినా చెయ్యెత్తింది.”

ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. ఆయన అలాగే నిలబడ్డారు. “నీ మొహం చూసి ఎత్తిందంటావా?”

“ముందు పదహారూ కూడా అంతేనేమో సార్.”

 ఆయన రెండో చెప్పు తొడుక్కున్నారు. సోమవారం పొద్దున పేర్లు పోవాలనీ, ఆదివారం దాకా గది తాళం ఆమె దగ్గరే ఉంచుకోమనీ, ఏడుకొండలుతో తాను మాట్లాడతాననీ చెప్పి వెళ్లిపోయారు.

శుక్ర, శనివారాలు బడి వదిలాక ఆమె నా ముందే కూర్చుంది. పాత హాజరు కాగితాల వెనక పెన్సిలుతో ఒక్కో అడుగూ రాసుకుని, యంత్రంలోకి ఎక్కించేది. ఈసారి కూత ఎప్పుడు వస్తుందో రాసిన టీచరుకే తెలియకూడదు. అదే అసలు చిక్కు. యంత్రం లోపల సెకనుకు పద్దెనిమిది సార్లు పెరిగే గడియారం లెక్క ఒకటి ఉంటుంది. దాని చివరి అంకెలు తీసుకుని, అవి చెప్పినంతసేపు ఆగమని రాసింది. ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి పన్నెండు. కొన్నిసార్లు వంతు వచ్చినా అసలు కూయకుండా ఊరుకోమంది. సంఖ్యను చిప్పుకు రెండు ముక్కలుగా ఇవ్వాలి, చిన్న ముక్క ముందు. శుక్రవారం ఆమె అలిసిపోయి పెద్ద ముక్క ముందిచ్చింది. నేను కూయాల్సిన చోట గురక పెట్టాను. ఎక్కడ తప్పో వెతుక్కుంటూ గంటసేపు తలపట్టుకుంది.

ఇంకో చిక్కు నాతోనే వచ్చింది. వినికిడి ఎంత ఉందో చూడాలంటే గొంతు తగ్గిస్తూ పోవాలి. నాకు తగ్గించడం రాదు. ఆమె నన్ను కాసేపు చూసి, లేచి, పట్టాలు చుట్టేసి, నా దగ్గరనుంచి గుమ్మం దాకా నేల మీద సుద్దతో గీతలు గీసింది. మూడడుగులు, ఆరు, తొమ్మిది, పన్నెండు. నేను గొంతు తగ్గించలేకపోతే మనిషే దూరం జరగాలి.

ఆదివారం పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కరెంటు ఉంటుంది. బడిలో పురుగు లేదు. దుమ్ము భయంతో మూసిన కిటికీలు, మందపాటి తెరలు, అన్నీ కలిసి ఆ గదిని ఊళ్లోకెల్లా నిశ్శబ్దమైన చోటు చేశాయి. ముందు వేరే పిల్లలు ఐదుగురిని కూర్చోబెట్టి చూశారు. ఐదుగురికీ పన్నెండడుగుల గీత దగ్గర అన్ని కూతలూ వినపడ్డాయి.

మస్తానమ్మను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. చెయ్యి లేచినప్పుడల్లా యంత్రానికి తెలిసేలా పొడుగు మీట నొక్కే పని వకుళ టీచరు హెడ్మాస్టరు గారికే అప్పగించింది. తను నొక్కితే తర్వాత ఎవరైనా ఏదైనా అనొచ్చు. తను వరండాలోకి వెళ్లి తలుపు అవతల నిలబడింది. కోదండపాణి గారు ఆ యంత్రాన్ని తాకడం అదే మొదటిసారి. ముసుగు గుడ్డ సర్దడం, బొట్లు పెట్టడం, ప్లగ్గు పీకడం లెక్కలోకి రావు. చూపుడువేలు మీట మీద ఆనించీ ఆనించకుండా పెట్టి, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు.

లావు గొంతుతో కూశాను. చెయ్యి లేచింది. ఆయన నొక్కారు. ఇంకొంచెం సన్నం. లేచింది. వెయ్యి దగ్గర కాస్త తటపటాయించి లేచింది. రెండు వేలకు లేవలేదు. మూడు వేలకు లేవలేదు. తొమ్మిదడుగులకు జరిపారు. ఆరుకు జరిపారు. మూడుకు జరిపారు. ఆయన వేలు మీట మీదే ఉంది, గోడవైపు తిరిగిన ఆ చిన్న వీపు కదలడం లేదు. గడప దగ్గర ఏడుకొండలు గొంతుక్కూర్చుని, నేను కూసినప్పుడల్లా కూతురి చెయ్యి వైపు చూస్తున్నాడు.

ప్రోగ్రాము అయిపోయింది. కోదండపాణి గారు తలుపు వైపు తిరిగి, అన్నిటికన్నా సన్నటి కూత ఇంకొకసారి ఆపకుండా పెట్టమన్నారు. టీచరు లోపలికొచ్చి పెట్టి, పక్కకు తప్పుకుంది. నాలుగు వేల ఊపులు. ఆయన మస్తానమ్మను దగ్గరికి పిలిచి, చెవి పెట్టెకు ఆనించమని చేత్తో చూపించారు.

ఆ పిల్ల చెంప కుంకుమ బొట్ల కింద, నాకు బెత్తెడు దూరంలో ఆనింది. నా శక్తి కొద్దీ అరిచాను. అంత దగ్గరగా ఎవరూ ఎప్పుడూ నా మాట వినడానికి రాలేదు. ఆమె మొహంలో చిరునవ్వు. నేను ఎప్పుడు మొదలుపెడతానా అని ఎదురుచూస్తోంది. ఎదురుగా కోదండపాణి గారు ఆ కూత భరించలేక మొహం చిట్లించారు.

ఆ చిట్లింపు చూసి మస్తానమ్మ చెయ్యెత్తింది.

ఆయన టీచరు వైపు చూడలేదు. ముందుకు వంగి, ఆ ఎత్తిన చెయ్యి పట్టుకుని, మెల్లగా కిందికి దించారు. నన్ను ఆపేయమన్నారు.

“వినపడిందా అమ్మా?” అని అడిగారు, మొహం ఆ పిల్లకు ఎదురుగా పెట్టి.

తలూపింది. కాసేపాగి, ఆయన మొహం చూసి, అడ్డంగా ఊపింది.

“మరి చెయ్యెందుకెత్తావు?”

“మీకు వినపడింది గద సార్.” తప్పేం చేశానో తెలియని గొంతు అది. “అందరూ మొహాలు చూసే తెలుసుకుంటారనుకున్నా. నాకే సరిగ్గా చూడటం చేతగాదనుకున్నా.”

 గడప దగ్గర ఏడుకొండలు రెండు చేతులతో తలగుడ్డ విప్పి, మళ్లీ చుట్టుకోకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

“నేను ఎనకమాల్నించే పిలిచేవాణ్ణి సార్,” అన్నాడు. “ఎప్పుడూ ఎనకమాల్నించే. పలకలేదని కొట్టేవాణ్ణి.”

మస్తానమ్మ తండ్రి పెదాలవైపు చూసింది గానీ, అతను తల వంచుకుని మాట్లాడాడు. ఆమెకు అందలేదు.

కోదండపాణి గారు తన గదిలోంచి పేర్ల జాబితా, రిజిస్టరు తెప్పించుకున్నారు. కంప్యూటరు బల్ల మీదే పెట్టుకుని రాశారు. జాబితాలో చివర మస్తానమ్మ పేరు చేర్చారు. రిజిస్టరు తెరిచి, తను రాసిన మాట మీద రెండు గీతలు కొట్టి, తేదీ వేసి సంతకం పెట్టారు. ప్రభుత్వ రిజిస్టరులో కొట్టివేతలు ఆయనకు గిట్టవని బడంతా తెలుసు. తర్వాత ఒంగోలు పెద్దాసుపత్రికి ఉత్తరం రాశారు. వకుళ టీచరు గీతలు గీసి, ఎన్నడుగులకు ఏ కూత వినపడిందో వేసిన కాగితం దానికి జత చేశారు.

ఆసుపత్రిలో అసలైన వినికిడి యంత్రంతో చూశారట. చిన్నప్పుడు తట్టు పోసినప్పుడు చెవుల లోపల దెబ్బతిందని, మందులతో తిరిగిరాదని చెప్పారట. చెవికి పెట్టుకునే మిషను ఏడాది తర్వాత ఒక శిబిరంలో ఇచ్చారు. అప్పటిదాకా చేయగలిగింది ఒకటే అని డాక్టరు చెప్పి పంపాడు. మొదటి బెంచీలో కూర్చోబెట్టాలి, ఆ పిల్లకు మొహం కనపడేలా మాట్లాడాలి. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఇంత చిన్న పని కోసం నేను అంత అరవాల్సి వచ్చిందా అనిపించింది. తర్వాత టీచర్లను చూశాక అది చిన్న పని కాదని తెలిసింది. బోర్డు మీద రాస్తూ రాస్తూ బోర్డుకే పాఠం చెప్పడం మానడానికి వాళ్లకు చాలా రోజులు పట్టింది.

మస్తానమ్మ ఆ ఏడు ఏడో తరగతి గట్టెక్కింది. గొప్ప మార్కులేం కాదు. సోషల్లో ముప్పై ఎనిమిది. లెక్కల్లో మాత్రం డెబ్బై ఒకటి.

మరుసటి ఏడు వకుళ టీచరుకు అద్దంకి బదిలీ అయింది. వెళ్లేముందు ప్రోగ్రాములు రాసిన కాగితాలన్నీ కుట్టి, అట్ట వేసి, బీరువాలో పెట్టి వెళ్లింది. వాటిని ఎవరూ తెరవలేదు. ఒక వానాకాలం స్టెబిలైజరు కాలిపోయి కంప్యూటరు చచ్చిపోయింది. బాగుచేయడానికి వచ్చినవాడు పనికొచ్చేవి పట్టుకుపోతూ, నన్ను తీగలు కత్తిరించి కిటికీలో పెట్టి మరిచిపోయాడు. ఎవరో తీసి విరిగిన బెంచీలతో పాటు స్టోరుగదిలో పడేశారు. కొన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాను. కాగితం అంచులు చెదలు కొరికాయి. పక్కన పగిలిన గ్లోబు ఒకటి ఉంది, మాటలు రాని వస్తువు.

మా స్పీకర్లకు ఒక గుణం ఉంది. మనుషులు పెద్దగా పట్టించుకోరు. మేం మాట్లాడడమే కాదు, శబ్దం వచ్చి తగిలితే మా కాగితం కూడా కదులుతుంది. తీగలు లేవు కాబట్టి ఆ కదలిక ఎక్కడికీ పోదు. నాలోనే ఉంటుంది.

ఈ గదికీ పదో తరగతికీ మధ్య గోడ పైదాకా లేదు. మస్తానమ్మ ఆ గదిలో మొదటి బెంచీలోనే చదివి, పది పాసై, టీచరు ట్రైనింగుకు వెళ్లి రెండేళ్లు దాటింది. కోదండపాణి గారు రిటైరు కావడానికి ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి. పొద్దున్నే ఇంగ్లీషు పాఠం ఆయనదే. నడుస్తూ పాఠం చెప్పడం ఆయనకు మొదటినుంచీ అలవాటు. గొంతు మెల్లగా వెనక బెంచీల వైపు వెళ్తుంది, చెప్పులు టపటపమంటూ వెంట వెళ్తాయి. అంతలో వాక్యం మధ్యలో ఆగిపోతుంది. ఎందుకు ఆగారో ఈ ఏటి పిల్లలకు తెలియదు, ఒకళ్లిద్దరు కిసుక్కుమంటారు. ఆయన ఏమీ అనరు. అడుగుల చప్పుడు వెనక్కి తిరిగి, బెంచీల మధ్యలోంచి నడిచి, బోర్డు దాకా వచ్చి ఆగుతుంది. పిల్లలకు ఎదురుగా తిరిగి, ఆ వాక్యాన్ని మొదటినుంచి మళ్లీ చెబుతారు.